అత్యంత నిశ్శబ్ద ప్రభుత్వ భవనం

మా గ్రంథాలయం తన జన్మలో ఒకే ఒక్క పోటీలో మొదటి బహుమతి గెలిచింది. ఆ దెబ్బనుంచి తేరుకోవడానికి మాకు దాదాపు ఏడాది పట్టింది.

పోటీలో ఉన్నామన్న సంగతే మాకు తెలియదు. ఓ ఉదయం ఇద్దరు మనుషులు చప్పుడు కొలిచే యంత్రం ఒకటి పట్టుకొచ్చి, పఠన మందిరం నాలుగు మూలలా తిప్పి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మేడం, ఇది పాడైపోయినట్టుందండి" అన్నాడు ఒకాయన. రెండో ఆయన అనుమానం తీరక చిటికె వేశాడు. అంకె పైకి లేచి మళ్లీ కింద పడుకుంది. యంత్రం బాగానే ఉంది, మా గ్రంథాలయమే అలా ఉంది. జిల్లాలో ఉన్న సర్కారు భవనాలన్నీ కొలిచారట. పశువుల ఆసుపత్రి మాకు గట్టి పోటీ ఇచ్చిందిగానీ, ఆఖరి నిమిషంలో ఎవరో ఈనలేక అవస్థపడుతున్న గేదెను తోలుకొచ్చారట. దాంతో అది రెండో స్థానానికి పడిపోయింది.

మా నిశ్శబ్దంలో మా గొప్పేమీ లేదు. చదివేవాళ్లు రారు, అందుకని నిశ్శబ్దం. నేను ఇక్కడ గ్రంథపాలకురాలిని. పేరు మాణిక్యాంబ. కుర్చీలో కూర్చుని పుస్తకాలకు కాపలా కాయడం నా ఉద్యోగం. వాటిని ఎవరూ ఎత్తుకుపోరు, ఎత్తుకుపోతే సంతోషించేదాన్ని.

కొలతల రహస్యం తరవాత వచ్చిన సర్క్యులర్‌లో తెలిసింది. ఆటిజం ఉన్నవాళ్లలో కొందరికి చప్పుడు, వెలుతురు, వాసన, తాకిడి మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా తగులుతాయి. ఫ్యాను కిర్రుమంటే మనకది కిర్రే, వాళ్లకు చెవిలో మేకు. అలాంటివాళ్ల కళ్లకు వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ కట్టి, బజారూ బస్టాండూ కొద్దికొద్దిగా చూపిస్తూ, వాళ్లు సరేనన్నంత మేరకు చప్పుడు పెంచుకుంటూ పోతే కొందరికి అలవాటవుతుందట. అలిసిపోతే అందులోనే సముద్రమో అడవో చూసుకుంటూ సేదతీరవచ్చట. ఆలోచన చెడ్డది కాదు. చెడ్డ ఆలోచనలను పాడుచెయ్యడం మా శాఖ వల్ల కాదు, మంచివాటినైతే సులువుగా పాడుచేస్తుంది.

మాకు శిక్షణ ఇవ్వడానికి వచ్చిన డాక్టరమ్మ రోజంతా ఒకటే మాట చెప్పింది. "ఏం చేసినా ముందు ఆ మనిషిని అడగండి. చాలంటే ఆపెయ్యండి." ఈ వాక్యం సమావేశపు మినిట్స్‌లోకి ఎక్కలేదు. దాని కింద కొనడానికి ఏమీ లేదు మరి. మినిట్స్‌లోకి ఎక్కిన వాక్యం ఇది: "సదరు ఇంద్రియ సాంత్వన కేంద్రమును జిల్లాలోని అత్యంత నిశ్శబ్ద ప్రభుత్వ భవనము నందు మాత్రమే నెలకొల్పవలెను."

ఇక కేంద్రానికి తగిన లబ్ధిదారు ఊళ్లో ఉన్నాడా అంటే, ఉన్నాడు. అప్పటికే ఆ భవనంలోనే కూర్చుని ఉన్నాడు.

మైత్రేయకు ఇరవై మూడేళ్లు. తండ్రి సత్తిరాజు గారిది కాలవగట్టు మీద వెల్డింగ్ షాపు, దాని వెనకే ఇల్లు. పొద్దు పొడిచింది మొదలు ఇనుము కోత, సుత్తిదెబ్బలు, కళ్లు చెదిరే నీలిమెరుపులు. కన్నకొడుకు ఓర్చుకోలేని ప్రతిదీ ఆ తండ్రికి బతుకుతెరువు. అందుకని పొద్దున్నే కొడుకును మా దగ్గర దింపి వెళ్లేవాడు. మైత్రేయ చినిగిన పుస్తకాలను దారంతో కుట్టి, జిగురు పెట్టి, కొత్త అట్ట వేసేవాడు. పుస్తకానికి ఇంత అని శాఖ ఇచ్చేది. ఉత్తరపు కిటికీ పక్క బల్ల అతనిది. చిటుకుచిటుకుమనే ట్యూబ్‌లైటును అతను అడిగితే తీయించేశాను. అక్కడ ఫ్యాను వెయ్యం. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని మెతుకు మిగల్చకుండా తినేవాడు.

సత్తిరాజు గారికి ఆ పనిలో చెవులు కాస్త మందగించాయి. మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినిపిస్తుంది. మా గడపలో మాత్రం గుసగుసగా మాట్లాడాలని పాపం నానా తంటాలు పడేవాడు. "ఇంటికాడ ఈడికి ముద్ద దిగదండి మేడంగారూ. ఆ సప్పుడికి కంచం అవతలకి నెట్టేత్తాడండి. ఇక్కడైతేనే తింటాడు. ఈ బల్ల మీదే బతికేత్తన్నాడండి మావోడు, ఆయ్" అన్నాడోసారి, కళ్లు తుడుచుకుంటూ.

ఆ బల్ల ఉన్న భవనానికే కేంద్రం వచ్చింది.

ప్రారంభోత్సవానికి సన్నాయి మేళం, తాషా పార్టీ, పెద్ద పెద్ద సౌండు బాక్సులు వచ్చాయి. నిశ్శబ్దం గొప్పతనం గురించి ఎనిమిది మంది మైకులో మాట్లాడారు. మైత్రేయ రెండు చెవులూ మూసుకుని పాత పత్రికల గదిలో బీరువా వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. మర్నాడు పేపర్లో "ఆనందం పట్టలేక ఏకాంతంలోకి వెళ్లిన లబ్ధిదారు" అని వేశారు.

కేంద్రానికి అధిపతి మా ఉప సంచాలకులు గరుడాచలం గారు. ఆయన చెడ్డవాడు కాడు, ఉత్సాహవంతుడు. చెడ్డవాళ్లనుంచి తప్పించుకోవచ్చు, ఉత్సాహవంతులనుంచి ఆ దేవుడు కూడా తప్పించలేడు. ఆయన మేడమీది గదిలో కుషన్ కుర్చీలు వేయించి, యంత్రాలు నడపడానికి ఫణీంద్ర అనే కుర్రాణ్ణి నియమించి, గోడమీద నియమావళి అంటించారు. అందులో ముఖ్యమైనది, సెషన్ పూర్తి కాకుండా హెడ్‌సెట్ తీయరాదు, తీసినచో సదరు సెషన్ లెక్కలోనికి రాదు.

మైత్రేయ పేచీ పెట్టే రకం కాదు. రమ్మంటే మేడెక్కి వచ్చి హెడ్‌సెట్ పెట్టించుకున్నాడు. కాసేపు అటూ ఇటూ చూశాడు.

"సముద్రం బాగుంది. పట్టీ గీరుకుంటోంది. రబ్బరు వాసన వేస్తోంది. ఇంక చాలు" అని, దాన్ని తీసి జాగ్రత్తగా బల్లమీద పెట్టి, కిందికి దిగి వెళ్లి సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

"ప్రతిఘటన!" అన్నారు గరుడాచలం గారు వెలిగిపోతున్న మొహంతో. "లబ్ధిదారునకు చికిత్స ఎంత అవసరమో దీనివల్ల రుజువగుచున్నది."

"చాలన్నాడండీ" అన్నాను.

"దాన్నే ప్రతిఘటన అంటారమ్మా."

అక్కడితో ఆగితే మేం బాగుపడేవాళ్లం. కానీ మేడమీద యంత్రాలకు కరెంటు పోకూడదు కదా, అందుకని పఠన మందిరం కిటికీ పక్కన జనరేటరు పెట్టారు. లోపల లబ్ధిదారు ఏం చూస్తున్నాడో సందర్శకులకు తెలియాలి కదా, అందుకని కింద గోడంత టీవీ బిగించారు. మైత్రేయ మేడెక్కడం మానేశాడు కాబట్టి అందులో నమూనాగా అడవి బొమ్మ వేసి వదిలేశారు. అడవిలో నెమలి ఉంది. అది పొద్దస్తమానం అరిచేది. పక్క జిల్లాల నుంచి అధ్యయన బృందాలు దిగడం మొదలైంది. వాళ్ల అభిప్రాయం నమోదు కావాలి కదా, అందుకని గుమ్మంలో ఇత్తడి గంట వేలాడదీసి, "సంతృప్తి చెందిన సందర్శకులు ఒక మారు మోగించవలెను" అని రాశారు. మన జనానికి గంట కనిపిస్తే ఒకసారి కొట్టి ఊరుకోవడం తెలియదు. లోపలికి వస్తూ కొట్టేవాళ్లు, పోతూ కొట్టేవాళ్లు, కొందరు కళ్లకద్దుకునేవాళ్లు. గుమ్మం పైన "అత్యంత నిశ్శబ్ద ప్రభుత్వ భవనం" అనే ఫలకం పెట్టి, చుట్టూ మినుకుమినుకుమనే రంగుబల్బుల దండ తగిలించారు.

మైత్రేయ డబ్బా మెతుకు తగ్గకుండానే ఇంటికి వెళ్లసాగింది. మూత తీసి చూసి మళ్లీ పెట్టేసేవాడు. కుట్టు వంకర పోయేది, విప్పి మళ్లీ కుట్టేవాడు. ఓ రోజు గంట, నెమలి, జనరేటరు మూడూ ఒక్కసారి అందుకున్నాయి. అతను సూది బల్లమీద పెట్టి, గోడవారనే నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నేను గరుడాచలం గారి ముందు మొత్తుకున్నాను. లబ్ధిదారు గైర్హాజరు మీద సమీక్షా సమావేశం పెడతామన్నారు. పెట్టారు కూడా.

ఆ సమావేశానికి సత్తిరాజు గారిని పిలిచారు. ఆయన చేతిలో టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు.

"లబ్ధిదారుకు శబ్దము పట్ల అసహనము పెరిగినట్లు మా దృష్టికి వచ్చినది" అన్నారు గరుడాచలం గారు. "కనుక చికిత్స తీవ్రతను పెంచవలసియున్నది. మీవాడికి ఎక్కడ ప్రశాంతంగా ఉంటుందో చెప్పండి. ఆ ప్రదేశాన్ని వర్చువల్‌గా సృష్టించి ఇస్తాం. హిమాలయాలా? కేరళా? ఖర్చు గురించి ఆలోచించకండి."

"ఈ లైబ్రరీయేనండి" అన్నాడు సత్తిరాజు గారు.

"అంటే?"

ఈసారి ఆయన గుసగుస మాట మరిచిపోయాడు. "మీరు రాకముందు లైబ్రరీ అండి బాబూ! ఈ గంటా లేదు, ఆ నెవలీ లేదు. మావోడు సక్కగా తినేవోడు, పని సేసుకునేవోడు. ఇప్పుడు దుప్పటి ముసుగెట్టుకుని మంచం కింద పడుకుంటన్నాడండి. మాకింకేం అక్కర్లేదు, అదిచ్చెయ్యండి సాలు!"

గది అంతా నిశ్శబ్దమైపోయింది. చాలా రోజుల తరవాత ఆ భవనంలో నిశ్శబ్దం అదే. సిగ్గుపడ్డారేమో అనుకున్నాను.

"అద్భుతం!" అని బల్ల చరిచారు గరుడాచలం గారు. "వర్చువల్ గ్రంథాలయము! వెంటనే తయారుచేయండి."

ఫణీంద్ర నసిగాడు. "సార్, ఆ లైబ్రరీని షూట్ చెయ్యాలంటే, ముందు అది ఉండాలండి."

"ఉంచండి, ఒక్క రోజు ఉంచండి" అన్నారాయన ఉదారంగా.

మైత్రేయ లేకపోతే దృశ్యంలో సహజత్వం ఉండదన్నారు. పిలుచుకురావడానికి నేను వాళ్లింటికి వెళ్లాను. మంచం పక్కన నేలమీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దుప్పటి కింద నుంచి ప్రశ్నలు వచ్చాయి.

"గంట?"

"తీసేస్తారు."

"నెమలి?"

"అరవదు."

"కెమెరా చప్పుడు చేస్తుందా?"

"చెయ్యదు నాయనా. బల్లమీద గుండ్రంగా బత్తాయికాయంత ఉంటుంది."

"దానికి వాసన ఉంటుందా?"

"నేను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. లేదు."

దుప్పటి అంచు పైకెత్తి, "అయితే వస్తాను" అన్నాడు.

షూటింగ్ రోజు జనరేటరు ఆపారు, టీవీ కట్టేశారు, గంట నాలుకకు గుడ్డ చుట్టారు. అధికారులు చెప్పులు విప్పి గోడవార నిలబడ్డారు. గరుడాచలం గారికి దగ్గు వస్తే కండువా నోట్లో కుక్కుకుని పెరట్లోకి పరుగెత్తారు. మైత్రేయ తన బల్ల దగ్గర కూర్చుని, ఆగిపోయిన కుట్టు ఆగిన చోటునుంచే అందుకున్నాడు. మధ్యాహ్నం డబ్బా విప్పాడు. అన్నం, ములక్కాడ పులుసు, అంతా తిన్నాడు. నాకు ఏడుపొచ్చింది. షూటింగ్ జరుగుతోంది కాబట్టి చప్పుడు లేకుండా ఏడ్చాను.

మర్నాడు మళ్లీ అన్నీ మోగాయి. మేడమీద వర్చువల్ గ్రంథాలయం సిద్ధమైంది. దాన్ని చూసి ఒక్క మాట చెబితే చాలని బతిమాలితే మైత్రేయ మేడెక్కాడు. అతను చూశాడు, తల తిప్పి మళ్లీ చూశాడు.

"పేపరు నిన్నటిది" అన్నాడు.

"ఏమిటీ?"

"బల్లమీద ఉన్న పేపరు నిన్నటిది. కుడుతున్న పుస్తకం నిన్ననే అయిపోయింది. నేను కూడా నిన్నటివాణ్ణే." హెడ్‌సెట్ తీసి ఇచ్చేశాడు. "ఇది అబద్ధం."

గరుడాచలం గారి మొహం వాడిపోయింది. సరిగ్గా అప్పుడే నాకు బుర్ర పనిచేసింది. ఇన్నేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న నీతి ఒక్కటే. సర్కారును ఒక పని ఆపమంటే చచ్చినా ఆపదు. ఇంకో పని మొదలుపెట్టమంటే, పాతది దానంతటదే ఆగుతుంది.

"సార్, లబ్ధిదారు చెప్పింది సాంకేతిక లోపం అండీ" అన్నాను వినయంగా. "మన గ్రంథాలయం ఏ రోజుకారోజు తాజాగా ఉండాలంటున్నాడు. రోజూ ప్రత్యక్ష ప్రసారం పెడితే సరిపోతుంది. రాష్ట్రంలో ఇంకెక్కడా లేదు."

ఆ చివరి మాట ఉత్సాహవంతుల మీద మందులా పనిచేస్తుంది. సాయంత్రంలోగా నా చేతే నోటు రాయించారు. "వర్చువల్ గ్రంథాలయము నందలి నిశ్శబ్దము నిలవది అగుటచే లబ్ధిదారు తిరస్కరించియున్నాడు. కావున తాజా నిశ్శబ్దమును ప్రతిదినము పని వేళలయందు వాస్తవ గ్రంథాలయము నందే ఉత్పత్తి చేసి మేడపైకి సరఫరా చేయుటకు అనుమతి కోరడమైనది." ఇంత చక్కటి తెలుగు నేను జీవితంలో ఎప్పుడూ రాయలేదు. వెంటనే మంజూరైంది.

ఆ మర్నాటి నుంచి జనరేటరు వెనక పెరటి చివరికి, గంట సామాన్ల గదికి వెళ్లాయి. నెమలి నోరు మూతపడింది. రంగుబల్బులు కెమెరాకు అడ్డని ఫణీంద్రే పీకేశాడు. అధ్యయన బృందాలను గేటు దగ్గరే ఆపేశారు. గుమ్మానికి కొత్త బోర్డు వేలాడింది: "లోపల నిశ్శబ్దము తయారగుచున్నది. దయచేసి సహకరించగలరు." మైత్రేయ తన బల్లకు తిరిగి వచ్చాడు. సత్తిరాజు గారు మళ్లీ గుసగుసకు తంటాలు పడటం మొదలుపెట్టాడు.

ఒకే ఒక్క చిక్కు మిగిలింది. లబ్ధిదారు కింద నిశ్శబ్దంలో కూర్చుంటే, మేడమీద ఆ నిశ్శబ్దాన్ని ఎవరు చూడాలి? ఖాళీ కుర్చీలుంటే తనిఖీలో మాటొస్తుంది. అప్పుడు గరుడాచలం గారు తానే త్యాగానికి సిద్ధపడి హెడ్‌సెట్ పెట్టుకున్నారు.

సెషన్ పూర్తయ్యాక ఆయన హెడ్‌సెట్‌ను ఒళ్లో పెట్టుకున్నారు. "ఎవరూ పిలవలేదమ్మా" అన్నారు చివరికి. "అంతసేపు నన్నెవరూ ఏమీ అడగలేదు." ఆ మాట విని మొదటిసారి ఆయనమీద జాలేసింది. ఆ రోజునుంచి ఆయన ఫోను కట్టేసి రోజూ మేడెక్కేవారు. ఆయన్ని చూసి సూపరింటెండెంట్లు ఎక్కారు, వాళ్లను చూసి గుమస్తాలు క్యూ కట్టారు. కింద గ్రంథాలయంలో పాతిక కుర్చీలు ఖాళీ. పైన అదే గ్రంథాలయాన్ని చూడటానికి సిఫారసు కావాల్సి వచ్చేది.

ఓ మధ్యాహ్నం ఫణీంద్ర మెట్లమీద అడుగుల చప్పుడు కాకుండా దిగి వచ్చి, నా చెవిలో చెప్పాడు. "మేడం, సార్ సెషన్‌లో ఉన్నారండి. ఆ అబ్బాయి తల అడ్డమొచ్చి కిటికీ కనపడట్లేదంట. కొంచెం పక్కకి జరగమన్నారండి."

వెళ్లి మైత్రేయను అడిగాను. అతను కిటికీ వైపు చూశాడు, కెమెరా వైపు చూశాడు, తన ఎదురుగా ఉన్న కుర్చీ వైపు చూశాడు.

"ఆయన్ని ఇక్కడికి వచ్చి కూచోమనండి. ఈ కుర్చీలోంచి కిటికీ బాగా కనిపిస్తుంది. మాట్లాడకుండా ఉంటే చాలు."

ఆ కబురు నేనే మేడమీదికి మోసుకెళ్లాను. గరుడాచలం గారి చెయ్యి హెడ్‌సెట్ పట్టీ మీదికి వెళ్లింది. "నన్ను రమ్మన్నాడా?" అని లేచారు.

"సార్, సెషన్ మధ్యలో తీస్తే లెక్కలోకి రాదండి" అన్నాడు ఫణీంద్ర, నియమావళి చూపిస్తూ. పాపం ఆయన ఆ నియమావళిని చూడలేరు కూడా.

"తీయను" అన్నారాయన. ఆ నియమం పెట్టింది తానే కదా.

కళ్లకు హెడ్‌సెట్‌తోనే బయలుదేరారు. ఒక రెక్క నేను, ఒక రెక్క అటెండరు పట్టుకుని, పీటలమీదికి పెళ్లికొడుకును నడిపించినట్టు మెట్లు దింపి పఠన మందిరంలోకి తీసుకొచ్చాం. ఆయనకు మేం ఎవరం కనిపించం. బల్లమీది కెమెరాకు ఏం కనిపిస్తే అదే ఆయనకూ కనిపిస్తుంది. నాలుగడుగులు లోపలికి వేశారో లేదో, ఠక్కున ఆగిపోయారు.

"ఎవరయ్యా అతను?" అన్నారు.

"ఎవరండీ?"

"అదిగో, గుమ్మంలోంచి వస్తున్నాడే! ఆ పొట్టా అతనూ, కళ్లకు డబ్బా కట్టుకుని, ఇద్దరి భుజాలమీద వేలాడుతూ! ఎంత అందమైన వాతావరణం, చెడగొట్టేశాడు. పైగా అరుస్తున్నాడు కూడా, వినపడట్లేదూ?"

అటెండరు నా మొహం చూశాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"ఏం చెయ్యమంటారండీ?"

"బయటికి పంపండి. తక్షణమే!"

"ఇది మీ ఆర్డరేనాండీ?"

"ఆర్డరే. మళ్లీ లోపల అడుగుపెట్టకుండా చూసుకోండి."

పై అధికారి ఉత్తర్వును ఇంత ఇష్టంగా నేనెప్పుడూ అమలు చెయ్యలేదు. ఆయన్ని మెల్లగా వెనక్కి తిప్పి, వరండాలోకి తీసుకెళ్లి, ఎండ తగలని చోట బెంచీమీద కూర్చోబెట్టాం. ఆయన గుండెలనిండా ఊపిరి పీల్చుకుని, "హమ్మయ్య, వెళ్లిపోయాడు. ఇప్పుడు హాయిగా ఉంది" అన్నారు.

నేను లోపలికి వచ్చేసరికి మైత్రేయ నిలబడి ఉన్నాడు. ఎదుటి కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, దానిమీది దారపు ముక్కలు చేత్తో తుడిచి పెట్టి ఉంచాడు.

"ఆయన వచ్చి వెళ్లిపోయారేం?" అని అడిగాడు.

"ఆయనకి ఇంకా సెషన్ అవలేదు నాయనా" అన్నాను.

"సరే. అయ్యాక రమ్మనండి" అని, కుర్చీని అలాగే వదిలేసి, మళ్లీ సూది అందుకున్నాడు.